ఓబదయ్య అతికిన కమాను

కూసో సరళా, గా సాప గుంజుకోని ఈడ గాలికి కూసో. ఏమంటివి, సౌదీల యుద్ధమప్పుడు భయంగాలేదా తాతా అంటివా? అయ్యింది బిడ్డా, కాకుంట ఎట్లుంటది. కని నన్నెవలన్న యుద్ధం ముచ్చట అడిగితే నాకు బాంబులు యాదికి రావు, ఓబదయ్య యాదికొస్తడు. నీకు తెల్వదు, మీ నాయినకు జర తెలుసు, చిన్నగున్నప్పుడు ఒకపారి సూశిండు. మన దిక్కోడు గాదు, ఆంధ్రాయన, నర్సాపురం. కిరస్తానపోళ్ళు. రియాదుల మేం జేసిన దవాఖాన్ల ఆయన కార్పెంటరు. ఆయన భార్య క్రిస్టీనమ్మ అదే దవాఖాన్ల నర్సు. ఆమెనే ముందుగాల వచ్చింది, ఎనకసీరి మొగన్ని పిలిపిచ్చుకున్నది. నేను పైపులు, నల్లాలు సూసుకునేటోన్ని. పొద్దంత ఇద్దరం ఒక్కటే రూముల ఉండేటోళ్ళం, సామాన్ల నడుమ. నన్ను జిందగీల 'గారు' అని పిలిచినోడు గాయినొక్కడే. 'బాలన్న గారూ, ఆ సుత్తి ఇలా అందుకోండి' అనేటోడు. నేను ఎన్కకు మర్రి సూసేటోన్ని, ఇంకెవలన్న వచ్చిండ్రా అని. నవ్వకు, నిజంగనే సూసేటోన్ని.

అగో, గదే చెప్తున్న. గా దవాఖాన్ల ఒక డాక్టరమ్మ ఉండె. సొలాంజ్ అని, ఫ్రాన్సు దేశమామె. చిన్నపిల్లల డాక్టరు. సన్నగ పొడుగ్గ ఉండేది, నడుస్తుంటే ఉరుకుతున్నట్టే ఉండేది. ఆమె కాడ ఒక ఫిడేలు ఉండె. డ్యూటీ అయిపోయినంక తన రూముల తలుపేసుకోని కొట్టుకునేది. ఓబదయ్యకు గది ఎట్ల తెలిసిందంటే, ఆమె కిటికీ తలుపు బిగుసుకపోతే బాగజెయ్య వోయిండు, గాడ బల్ల మీద సూశిండు. ఓబదయ్య వాళ్ళ నాయిన నర్సాపురంల చర్చిల ఫిడేలు కొట్టేటోడట. ఈయన గూడ చిన్నప్పుడు కొంచెం నేర్చుకున్నడు, నాయిన పోయినంక ఇడిసిపెట్టిండు. గందుకే సూడంగనే నిలవడిపోయిండు. ఆమె అడిగిందట, నీకొస్తదా అని. 'లేదమ్మా, మా నాన్న వాయించేవారు' అన్నడట. గా ముచ్చట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పిండో. ఫిడేలు గురించి గాదు, కమాను గురించి. కమానంటే ఎర్కేనా, ఫిడేలు మీద అటిటు గుంజే పుల్ల. పుల్ల అంటే ఓబదయ్య ఊకోకపొయ్యేటోడు. ఒక కొసకు కొంగ తలకాయ లెక్క సన్నటి మొన ఉంటది. ఇంకో కొసకు పట్టుకునే కాడ నల్ల చెక్కబిళ్ళ, దానెనక చిన్న మర. గుర్రం తోక వెంట్రుకలు గా మొన కాడికెల్లి బిళ్ళ దాక కట్టి ఉంటయి. మర తిప్పితే వెంట్రుకలు బిర్రుగైతయి. గంతే, సూడవోతే ఏంలేదు. కని డాక్టరమ్మ కమాను ఇప్పటిది గాదు. మన ముత్తాతల కాలంది. ఫ్రాన్సుల మీర్కూరని ఒక ఊరున్నదట, ఊరు ఊరంత ఫిడేళ్ళు, కమాన్లు జేసుడేనట. ఆడ ఒనొరే అని ఒకాయన చేసిండు. ఆయన ఇంటిపేరుకు నా నోరు తిరగదు. చేతివట్టు కాడ నువ్వుగింజలంత అక్షరాలతోని ఆయన పేరు అచ్చుకొట్టి ఉండె. డాక్టరమ్మ వాళ్ళ నాయినకు గా కమానంటే పానం. గాయిన ఎప్పుడు చెప్పేటోడట, గా ఒనొరే చేతిల తప్పనేదే లేదు, ఏ కమాన్లన్న ఇసుమంత తేడా వస్తే మోకాలుకేసి ఇరిచి పొయ్యిల వెట్టేటోడు, గందుకే ఆయన చేసినయి శానా తక్కువున్నయని. నాయిన సచ్చిపోతె గది ఈమెకు వచ్చింది. ఎక్కడికి వోయినా ఎంట తీస్కపొయ్యేది.

ఇగ సద్దాం కువైట్ల జొచ్చిండు. మొదలు ఏం గాదన్నరు. మల్ల చలికాలం వచ్చేసరికి అందరికి మాస్కులిచ్చిండ్రు, విషం గాలి ఇడుస్తరట, మూతికి పెట్టుకోవాలెనట. మన జగిత్యాల దిక్కు పోరగాళ్ళు సగం మంది కఫీల్, అంటే వీసా ఇచ్చిన సేటు, కాళ్ళు మొక్కి ఎగ్జిట్ కొట్టిచ్చుకోని పోయిండ్రు. కొంతమంది రియాదు కన్న నయమని జెద్దాకు పోయిండ్రు. మీ నాయనమ్మ ఒకటే రాసుడు, వచ్చెయ్యి వచ్చెయ్యి అని. నర్సులను మాత్రం దవాఖాన ఇడువలే. క్రిస్టీనమ్మ ఉంటే ఓబదయ్య యాడికి పోతడు, ఉన్నడు. ఆయన ఉంటే నేను గూడ ఉన్న. మా ఇద్దరికి ఒకటే పని, కిటికీలకు ప్లైవుడ్ కొట్టుడు, సందులకు టేపు అంటిచ్చుడు. పిల్లల వార్డును కిందికి, సెల్లారులకు దింపిండ్రు. పిల్లలంటే అందరు అరబ్బు పిల్లలే, కువైట్ నుంచి పారిపోయొచ్చినోళ్ళ పిల్లలు గూడ ఉండిరి. సైరన్ మోగితే సాలు, ఒకడు మొదలువెట్టిండంటే అందరు ఏడుసుడే. గప్పుడు డాక్టరమ్మ ఫిడేలు కిందికి తెచ్చింది. గా దేశంల గట్ల పాట పెట్టుడు మంచిదిగాదని అందరికి తెలుసు. మేనేజరు మెట్ల కాడిదాక వచ్చి, ఇని, ఇననట్టే ఎన్కకు మర్రిపోయిండు. ఆమె మెల్లగ కొట్టేది. పిల్లలు ఏడుపు బందువెట్టి గా కమాను దిక్కు సూసుకుంట ఉండేటోళ్ళు, అటు వోతుంటె అటు, ఇటు వస్తుంటె ఇటు. నాకైతే పాట ఏం సమజ్ గాకపొయ్యేది. కని పైపులు సూసే వంకతోని నేను గూడ ఆడనే నిలవడేటోన్ని.

ఒకనాడు పొద్దుగూకినంక, మగ్రిబ్ నమాజ్ అయ్యిందో లేదో, సైరన్ మొదలైంది. సెల్లారుల గాలికని ఇడిసిన చిన్న కిటికీ ఒకటి మిగిలిపోయింది. దానికి కొట్టనీకి ఓబదయ్య ప్లైవుడ్ షీటు ఎత్తుకోని మెట్లు దిగుతున్నడు, ఉరుకులాట. నేను ముంగట ఉన్న. ఎనకకెల్లి ఆయన కాలు జారింది. ఆయన పడలే, గోడవట్టుకోని ఆగిండు. షీటు మాత్రం చేతులకెల్లి పోయి కింద కుర్చీ మీద పడ్డది. గా కుర్చీ మీదనే డాక్టరమ్మ కమాను పెట్టి, ఒక పిల్లగాన్ని ఎత్తుకుంటున్నది. షీటు తీసి సూస్తే గా కొంగ తలకాయ లెక్క మొన ఊసిపోయి, వెంట్రుకలకు ఏలాడుతున్నది. ఓబదయ్య మొకం నేను ఇప్పటికి మరువలేను బిడ్డా. మనిషి తెల్లగైండు. డాక్టరమ్మ పిల్లగాన్ని కింద కూసోవెట్టింది. వచ్చి చేతులకు తీసుకోని సూశింది. ఆమె ఏమన్నదో నాకు సమజ్ గాలే, క్రిస్టీనమ్మ తర్వాత చెప్పింది. 'పోనియ్యి, పిల్లలకు ఏం తగలలే గదా, గంతే సాలు' అన్నదట. అని, గా రెండు ముక్కలు పెట్టెల పెట్టి మూతవెట్టింది. గా దినంకెల్లి ఫిడేలును ఒళ్ళ పెట్టుకోని ఏళ్ళతోటి తీగెలు మీటేది. పిల్లలకు గది నచ్చలే. ఒక పోరడు, కాలికి కట్టున్నోడు, తన చెయ్యి మీద ఇంకో చెయ్యి గుంజి సూపెట్టి, ఏది ఏది అని అడిగేటోడు. ఓబదయ్య గది సూశి బయటికి పొయ్యేటోడు.

తిండి తినకపొయ్యేటోడు. 'బాలన్న గారూ, ఆవిడ తిట్టినా బాగుండేదండి. వాళ్ళ నాన్నగారిది కదండీ' అనేటోడు. నేను అన్న, ఓ ఓబదన్నా, కట్టెనే గదా, నువ్వు కార్పెంటరువే గదా, అతుకు. గంతే, నా నోటికొచ్చింది నేనన్న. ఆయన పొయ్యి ఆమెను అడిగిండు, నన్ను అతకనియ్యమ్మా అని. ఆమె అన్నది, మొన ఇరిగిన కమాను అయిపోయినట్టే, మా దేశంల పెద్ద పనోళ్ళు గూడ జంకుతరు, కని నీ మనసుకు నిమ్మలమైతదంటే తీస్కపో అని. తెచ్చి మా మెయింటెనెన్సు రూముల తెల్లబంక పెట్టి, దారంతోటి కట్టి, ఆరవెట్టిండు. సూడనీకి మంచిగనే అతికింది. ఇగ మర జర తిప్పి బిర్రు చేసిండో లేదో, టప్పుమన్నది. ఊసిపోవుడే గాదు, అతుకు కాడ ఒక చెక్క పెళ్ళ ఎగిరి యాడనో పడ్డది. ఇద్దరం బోర్లవడి దేవులాడినం, దొరుకలే. మొదలున్నదాని కన్న అన్నాలమైంది. ఓబదయ్య తల పట్టుకోని కూసున్నడు. రేపు ముక్కలిచ్చేసి చెయ్యి దులుపుకుంట అన్నడు.

ఇచ్చేటిది మంచిగ తుడిసియ్యాలె గదా అని మరనాడు గా నల్ల చెక్కబిళ్ళ మర ఇప్పి పక్కకు తీసిండు. తీస్తే పుల్లకు అడుగున ఒక గాడి ఉంటది, బిళ్ళ అండ్ల జరుగుతది. బిళ్ళ ఉన్నంత కాలం గా గాడి ఎవలకు కనవడది. దాన్ని ఎలుతురుకు పెట్టి సూశిండు. సూశి, మల్ల సూశిండు. 'బాలన్న గారూ, ఇలా రండి' అన్నడు. పోయి సూస్తే నాకేం కనవడలే. గోరు పెట్టి సూపెట్టిండు. గాడికి ఒక పక్క గోధుమగింజంత పొడుగు, కాయితమంత మందం, వేరే చెక్క పేడు అతికిచ్చి ఉన్నది. అదే రంగు, అదే నార. 'గాడి ఎక్కువ తవ్వేశాడండి ఈయన. ఉలి జారింది. జారితే, పేడు పెట్టి అతికాడు. మోకాలికేసి విరగ్గొట్టలేదు' అన్నడు. నాకు మొదలు సమజ్ గాలే, ఎవలు అన్న. 'ఒనొరే గారండి' అన్నడు. ఎన్నడో సచ్చిపోయినోనికి గూడ గారు. గట్లుండె మనిషి.

గా పేడును సూశినంక ఓబదయ్య మారిపోయిండు. పోయి డాక్టరమ్మకు సూపెట్టిండు. భూతద్దం పెట్టి సూశింది ఆమె. శానసేపు సూశి నవ్విందట, నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నదట. మా నాయిన సచ్చిందాక ఈయన చేతిల తప్పులేదనే నమ్మిండు, నన్ను గూడ గట్లనే ఉండాలని తిప్పలవెట్టిండు, గిది సూశి ఉంటే ఎంత మంచిగుండు అన్నదట. అని, నువ్వు ఎన్నిసార్లయినా చెయ్యి, నేను అడగ అన్నది. ఇగ సూడు. బంకతోటి నిలువదు, మొనకు, పుల్లకు అడ్డంగ సన్నటి గాడి తీసి, అండ్ల చెక్కపేడు దిగ్గొట్టి, రెండిటిని కలపాలె, ఒనొరే పేడు సూశి గా ఉపాయం తట్టింది ఆయనకు. కని గా చెక్క యాడ దొరకాలె? ఫ్రాన్సోళ్ళు గది యాడనో బ్రెజిల్ అడవులకెల్లి తెచ్చుకున్నరట. శుక్రవారం నాడు ఇద్దరం బతాకు పోయినం. నీకు తెల్వదు బతా అంటే, మనోళ్ళంత ఆన్నే కూడుతరు శుక్రవారం, గప్పుడు మాత్రం సగం దుకాండ్లు బందే. ఆడ జిలానీ అని పాకిస్తానాయన కుర్చీలు, మంచాలు చేసేటోడు. ముక్క సూపెడితే తిప్పి తిప్పి సూశి, 'ఉస్తాద్, యే లక్డీ తో మైనే కభీ దేఖీ నహీ' అన్నడు, గిసుంటి కట్టె ఎన్నడు సూడలేదని. ఉన్న చెక్కలన్ని ముందట ఏశిండు, ఒక్కటి కలువలే. కని ఉత్తచేతుల పంపలే. పాత కాలపు సరేసు బంక ఇచ్చిండు, పశువుల తోలు ఉడకవెట్టి చేస్తరు, రాయిలెక్క గట్టిగుంటది, ఏడినీళ్ళల్ల కరగవెట్టాలె. తెల్లబంకను నమ్మకు, గిది కట్టెల ఇంకుతది అన్నడు.

చెక్క మాత్రం క్రిస్టీనమ్మ దొరకవట్టింది. ఎట్లంటే, ఓబదయ్య తన రూముల గా ఇరిగిన కాడ సన్నటి ఆకురాయితోటి రాకి సాపు చేసిండు. ఆకురాయిని ఒక గిన్నెల నీళ్ళల్ల కడిగిండు. జరసేపైనంక క్రిస్టీనమ్మ గిన్నె తీద్దామని సూస్తే నీళ్ళు ఎర్రగ ఉన్నయి. చెయ్యి తెగిందేమో అనుకున్నది, నర్సు గదా. ఆయన చెయ్యి తిప్పి తిప్పి సూశింది, ఏంలేదు. గప్పుడన్నది, 'ఏవండీ, ఇది మా కేరళ సిస్టర్లు తాగే నీళ్ళలా ఉంది' అని. కేరళోళ్ళు నీళ్ళల్ల ఒక చెక్క ఏసి కాగవెడుతరు బిడ్డా, నీళ్ళు గులాబి రంగొస్తయి, ఒంటికి మంచిదని తాగుతరు. పతిముగం అంటరు దాన్ని. గా చెక్క, ఫ్రాన్సోళ్ళ చెక్క ఒకటే గాదు గని, ఒక్క జాతివేనని తర్వాత తెలిసింది. క్రిస్టీనమ్మ అప్పటికప్పుడే హాస్టలుకు ఉరికింది. అందరి కాడ పొట్టుపొట్టే ఉన్నది, ప్యాకెట్లది. ఒక్క సిస్టరు కాడ మాత్రం వాళ్ళమ్మ ఊరికెల్లి పంపిన ముక్క ఉండె, బొటనేలంత. 'కమాను కోసమా, తీస్కపో, నేను ఉత్తనీళ్ళు తాగుత' అన్నదట గామె. ఓబదయ్య దాన్ని సూశి కండ్లకద్దుకున్నడు.

ఎంత పని చేసిండనుకున్నవు. డ్యూటీ అయినంక కిటికీ కాడ కూసునేటోడు. గోరంత పేడు కోసుడు, అండ్ల వెట్టి సూసుడు, దిగకపోతే మల్ల రాకుడు. రెండు మూడు ఖరాబైనయి. ఖరాబైతే తలకాయ పట్టుకోకపొయ్యేటోడు ఇగ, 'పర్వాలేదండీ' అని ఇంకోటి మొదలువెట్టేటోడు. వెంట్రుకల పని నా మీద పడ్డది. పాతయి సగం తెగిపోయినయి, కొత్తయి కట్టాలె, తెల్లగుర్రానియి, పొడుగుయి. నేను ఊరవతల ఒక గుర్రాల కొట్టం కాడికి పోయిన. ఆడ రాజస్తాను దిక్కోడు గుర్రాలకు దాణా పెట్టేటోడు. తోక వెంట్రుకలు కావాలంటే నన్ను పిచ్చోన్ని సూశినట్టు సూశిండు. కత్తిరిస్తే నా ఇఖామా, ఆడ ఉండనిచ్చే కార్డు, గుంజుకుంటరన్నడు. గిట్ల గిట్ల అని మొత్తం చెప్పిన, సైరన్, సెల్లారు, పిల్లలు. ఇని, దువ్వినప్పుడు రాలినయి సంచిల ఏసిపెడత, మల్ల రా అన్నడు. మల్ల పోతే ముడి వెట్టి, కడిగి పెట్టిండు. గా సంచి పట్టుకోని బస్సుల వస్తుంటె పక్కనున్న మిస్రీ, అంటే ఈజిప్టు ఆయన, సంచిల ఏమున్నదన్నడు. గుర్రం తోకన్న. లేచి ఇంకో సీటుకు పోయిండు.

కువైట్ ఇడిపిచ్చిండ్రని రేడియోల చెప్పినంక, దవాఖాన్ల కిటికీల ప్లైవుడ్ పీకుడు మాదే పనైంది. ఎన్నిరోజులకో ఎండ లోపటికి వచ్చింది. పిల్లలను మీదికి ఎక్కిచ్చిండ్రు. గప్పుడు ఓబదయ్య కమాను తెచ్చి డాక్టరమ్మ చేతులవెట్టిండు. వెట్టి, రెండడుగులు ఎన్కకేశిండు. ఆమె మర తిప్పింది, మెల్లగ. నేను కండ్లు మూసుకున్న బిడ్డా, టప్పుమంటదని. ఏం సప్పుడు రాలే. మల్ల జర తిప్పింది. ఇగ ఫిడేలు మెడ కింద పెట్టుకోని గుంజింది. గుంజుతనే ఉన్నది, ఒక్కటే సప్పుడు, పొడుగ్గ, తెగకుంట. గా కాలికట్టు పోరడు మంచం మీద లేసి కూసున్నడు. సూపెట్టిండు, చెయ్యి మీద చెయ్యి గుంజి. ఓబదయ్య మోకాళ్ళ మీద కూలవడ్డడు. ఏడ్శిండో, దండం వెట్టిండో నాకు తెల్వదు. క్రిస్టీనమ్మ పోయి బుజం మీద చెయ్యేసింది.

ఆడికి అయిపోలే. డాక్టరమ్మ ఎండకాలం సెలవుకు వాళ్ళ దేశం పోయింది. కమాన్ను మీర్కూరుకు తీస్కపోయి, ఇప్పటికి గా పని చేసేటోళ్ళుంటరు గదా, వాళ్ళకు సూపెట్టింది. ఒక ముసలాయన సూశి, గిది ఎవలు చేసిండ్రో ఆయనకు ఇంకా ఓపికుంటే గివి ఇయ్యిమని మూట ఇచ్చిండట. మూటల ఏమున్నయి, బొటనేలంత ఇత్తడి రందాలు, కట్టెను నున్నగ చెక్కేటియి, చెయ్యని కట్టెపుల్లలు కొన్ని. ఓబదయ్య గా రందాలను అరచేతుల పెట్టుకోని పిట్టపిల్లలను పట్టుకున్నట్టు పట్టుకున్నడు. ఇగ గప్పటికెల్లి ఆయన కమాన్లు చేసుడు మొదలువెట్టిండు. పుల్లను మంట మీద కాపి వంచాలె, వంపు ఎక్కువైతే పోయింది. మొదటియి అన్ని వంకరనే. క్రిస్టీనమ్మ పొయ్యి కాడ, 'ఏవండీ, కూర మాడిపోతంది, మీ పుల్ల తియ్యండి' అని మొత్తుకునేది. నాలుగోదో అయిదోదో నిలవడ్డది. దాన్ని డాక్టరమ్మ కొట్టి సూశి, తన పెట్టెల ఒనొరే కమాను పక్కన పెట్టుకున్నది. అంతకన్న ఏం గావాలె మనిషికి.

శానేండ్లకు ఆలుమొగలు ఇద్దరు నర్సాపురం పోయి ఆన్నే ఉన్నరు. నేను గూడ గప్పటికి ఇంటికి వచ్చేశిన. ఒకపారి మీ నాయినను తీస్కోని పోయిన వాళ్ళింటికి. ముంగటి అర్ర నిండ కమాన్లే, గోడకు మొలలు కొట్టి ఏలాడదీసిండు. యాడాడికెల్లో వచ్చేటోళ్ళు, కచేరీల కొట్టే విద్వాంసులు, హరికథలోళ్ళ పక్కన కొట్టేటోళ్ళు, చర్చిలోళ్ళు. మొన ఇరిగినా, పుల్ల వంగినా ఓబదయ్య కాడికే. గాయిన ఎవన్ని గూడ, పనికిరాదు పారెయ్యి అనలే. 'ఉంచి వెళ్ళండి, చూద్దాం' అనేటోడు. గదొక్క మాటే.

చివరికి నేను పోయినప్పుడు మనిషి సన్నగైండు. కడుపుల గడ్డ. నాకు తెలుసు, ఆయనకు తెలుసు. అయినా కిటికీ కాడ కూసోని కొత్త పుల్లకు రందా వెడుతున్నడు. నేను అన్న, ఓబదన్నా, జరసేపు పండరాదె. 'ఇంకా మొన చెక్కాలండి, వంపు తియ్యాలి. ఏడాది పడుతుంది ఇది' అన్నడు. ఏడాది అన్నడు బిడ్డా, గంత నిమ్మలంగ. నేను ఇటు ఇంటికొచ్చిన, నెల తిరుగకముందుకే ఫోనొచ్చింది. గా పుల్ల అట్లనే ఉంటదనుకున్న. కని క్రిస్టీనమ్మ ఇడువలే. ఆమె ఎన్నటికెల్లో పక్కన కూసోని వెంట్రుకలు కట్టుడు నేర్చుకున్నది, కుట్లేసిన చేతులు గదా. మొన ఆమెనే చెక్కింది, వంపు ఆమెనే తీసింది. ఇప్పటికి జనం వస్తరట, పాత బోర్డు మీద పేరు గూడ మార్సలేదట. గా కమాను అయినంక నాకు ఫోన్ చేసి, ఎవల్నో ఒకాయనను కూసోవెట్టి కొట్టిచ్చి, 'వినండి బాలన్న గారూ' అన్నది. ఇన్న. నాకు ఫిడేలు ఏమెరుక, మంచిగున్నదో బాగలేదో ఏమెరుక. చెవుకు ఫోను పెట్టుకోని గిట్లనే, ఈ గద్దె మీదనే...

ఏమైంది, గట్ల సూస్తున్నవు. పో బిడ్డా, పొద్దువోతున్నది, బర్రెకు కుడితి పెట్టిందో లేదో మీ అమ్మనడుగు.